కాలేయ రసం నుంచి తెల్ల మాత్ర దాకా
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం - మనం తెలుసుకోవలసిన ఒక సంగతి)

మన సంఘం ఈ ప్రత్యేక సంచికను ఆరోగ్య విషయాలకు కేటాయించింది. మన ప్రాంతంలో పుట్టి వైద్య ప్రపంచానికి మేలు చేసిన ఒక పెద్దమనిషి గురించి రాయవలసిందిగా కార్యవర్గం వారు నన్ను కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపి రిటైరైన గుమాస్తాను. అయినా చదివినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ తోటి సభ్యులతో పంచుకోవటం బాధ్యతగా భావించి ఒప్పుకున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్నే ఎంచుకోవటానికి కారణం ఉంది. గుణదలలో జరిగే మన నెలవారీ సమావేశాల్లో డి.ఆర్. బకాయిల తరువాత ఈ మధ్య ఎక్కువగా వినబడుతున్న మాట థైరాయిడ్. ఎవరి ఇంట్లో చూసినా ఒకరైనా పొద్దున్నే పరగడుపున ఆ చిన్న మాత్ర వేసుకుంటున్నారు. మందుల షాపులో వేరే కంపెనీ సీసా ఇచ్చారు, వాడవచ్చునా అని ఒకరు అడుగుతారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి జంతువుల గ్రంథితో చేసిన సహజమైన మాత్ర మంచిదని చెబుతున్నది, మారవచ్చునా అని ఇంకొకరు అడుగుతారు. సహజమైన మందా, తయారుచేసిన మందా, ఒకదాని నుంచి మరొకదానికి మారితే ఏమవుతుంది అన్నదే ఈ ప్రశ్నలన్నిటి సారాంశం. సుబ్బారావు గారు థైరాయిడ్ మీద పని చేయలేదు గాని, సరిగ్గా ఇదే ప్రశ్న ఆయన పరిశోధనలోనూ ఎదురైంది. అందుచేత ముందు ఆయన కథ, తరువాత మన మాత్రల సంగతి మనవి చేస్తాను.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో పనిచేసి అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. కుటుంబం పెద్దది, రాబడి తక్కువ. మనలో చాలామంది బాల్యం ఇలాంటి ఇళ్లలోనే గడిచింది కాబట్టి ఆ ఇబ్బందులను వర్ణించి చెప్పనక్కరలేదు.

పిల్లవాడికి చదువు మీద శ్రద్ధ తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడనీ, పట్టుకొచ్చి మళ్లీ బడిలో వేశారనీ ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. రాజమండ్రిలో చదువు సాగలేదు. తండ్రి పోయిన తరువాత వెంకమ్మ గారు ఒంటి మీది నగలు అమ్మి కొడుకును చదివించారు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి ఉత్తీర్ణులయ్యారు. మన మనుమలు ఒక పరీక్షలో తప్పితే ఇల్లంతా దిగులుపడే ఈ రోజుల్లో ఈ సంగతి గుర్తుపెట్టుకోదగినది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో సుబ్బారావు గారి మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుని జనానికి సేవ చేయటం కూడా ఆ మార్గమేనన్న ఆలోచనతో ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చులకు మిత్రులతోపాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. 1919లో వారి కుమార్తె శేషగిరి గారితో సుబ్బారావు గారికి వివాహమైంది.

అది గాంధీ గారి పిలుపు మీద విదేశీ వస్త్రాలను బహిష్కరిస్తున్న కాలం. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. సర్జరీ ఆచార్యుడైన దొరకు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దక్కలేదు. సర్వీసులో పైవారి ఆగ్రహం ఎంత దూరం వెంటాడుతుందో మన సభ్యులకు తెలియనిది కాదు.

ఇంట్లో జరిగిన నష్టం

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో మరణించారు. తిన్న తిండి ఒంటికి పట్టదు, ఆగని విరేచనాలు, నోరు పూత, రక్తహీనత, చివరకు మనిషి ఎముకల గూడైపోతాడు. మన పెద్దలు గ్రహణి అని చెప్పుకున్నది ఇలాంటి జబ్బునే. సుబ్బారావు గారికి కూడా ఆ వ్యాధి సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన ప్రకృతిసిద్ధమైన మందును చిన్నచూపు చూసిన మనిషి కాదు. ఆ మందుతోనే ప్రాణం దక్కించుకున్నారు. ఏ పదార్థం వల్ల గుణం వస్తున్నది, ఎంత మోతాదులో వస్తున్నది అన్నది తేల్చాలనే పట్టుదల మాత్రం ఆయనకు అక్కడే పుట్టింది. తమ్ముళ్లనూ అన్నలనూ తీసుకుపోయే జబ్బుకు మందు కనుక్కోవాలన్న కోరిక కూడా ఉంది. ముప్పై ఏళ్లు నిండకముందే, మామగారు కూడబెట్టిన డబ్బుతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి సహాయంతోనూ ఆయన అమెరికాకు ఓడ ఎక్కారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చారు. ఆ తిరుగు ప్రయాణం ఎన్నటికీ జరగలేదు. పుట్టిన ఒక్క కొడుకూ పసితనంలోనే చనిపోయాడు. ఆ కబురు ఆయనకు బోస్టన్‌లో అందింది. శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూపులోనే గడిపారు. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఇంట్లో మిగిలిపోయిన వారి సంగతి ఒక వాక్యంతో సరిపెట్టడం అలవాటు. ఆ త్యాగంలో సగం ఆమెదేనని నా అభిప్రాయం.

హార్వర్డ్ రోజులు

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు గాని చేతిలో పైసా లేదు. అక్కడి పట్టా లేకపోవటం వల్ల వైద్యుడిగా పని చేయటానికి వీలులేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేసి పొట్ట పోసుకున్నారు.

తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో తరతరాల విద్యార్థులు దానిని నేర్చుకున్నారు. 1927లో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఆ తరువాత శరీరానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్నీ వేరుచేశారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ వారు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

కాలేయ రసం, ఫోలిక్ యాసిడ్

మన అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. పెర్నీషియస్ అనీమియా అనే ఒక రకం రక్తహీనత ఆ రోజుల్లో ప్రాణాంతకం. 1926లో బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ఆ రోగులకు రోజూ అరపౌను దాకా జంతువుల కాలేయం తినిపించి బతికించారు. ఆ పనికి 1934లో విపుల్ గారితో కలిపి వారికి నోబెల్ బహుమతి లభించింది. అంత కాలేయం రోజూ తినటం మాంసాహారులకే కష్టం. అందుచేత కాలేయం నుంచి రసం తీసి, సూదిమందుగానూ, తాగే మందుగానూ ఇవ్వసాగారు. అయితే ఒక సీసాకూ మరొక సీసాకూ బలంలో పొంతన ఉండేది కాదు. రసంలో పనిచేసే పదార్థం ఏదో, ఎంత ఉన్నదో ఎవరికీ తెలియదు.

అదే కాలంలో మన దేశంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్ట్ నుంచి తీసిన సారం ఇస్తే వారికి గుణం కనబడుతున్నదని 1931లో ప్రకటించారు. కాలేయంలోనూ ఈస్ట్‌లోనూ ఉన్న ఆ పదార్థమే తరువాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది.

సుబ్బారావు గారి బృందం టన్నుల కొద్దీ ముడిపదార్థాన్ని వడకట్టి ఆ పదార్థాన్ని శుద్ధంగా వేరుచేసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. కాలేయం అక్కరలేదు, జంతువు అక్కరలేదు. ఏ మాత్ర చూసినా అదే బరువు, అదే బలం. కొద్దికాలంలోనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పుంజుకున్నది, ఆకలి పుట్టింది. తన సోదరులను బలిగొన్న జబ్బుకు మందు సుమారు పాతికేళ్ల తరువాత ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఈనాడు మన కోడళ్లకూ కూతుళ్లకూ గర్భం నిలిచిన నాటి నుంచి డాక్టర్లు ఇచ్చే మాత్ర ఇదే.

రక్తం బాగుపడింది, నరాలు చెడ్డాయి

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. తరువాతి సంగతి తక్కువమంది చెబుతారు.

కొత్త మాత్ర రాగానే పెర్నీషియస్ అనీమియా రోగులలో కొందరిని కాలేయ రసం నుంచి ఫోలిక్ యాసిడ్‌కు మార్చారు. రక్తపరీక్ష చూస్తే అద్భుతం. ఎర్రకణాలు పెరిగాయి, మొహంలో కళ వచ్చింది. అయితే కొన్ని నెలలు గడిచేసరికి కొందరికి అరికాళ్లు తిమ్మిరెక్కటం, నడకలో తూలటం కనబడింది. వెన్నుపాము నరాలు దెబ్బతింటున్నాయి. కారణం ఏమిటంటే, కాలేయ రసంలో ఫోలిక్ యాసిడ్ కాక మరొక పదార్థం కూడా ఉంది. నరాలను కాపాడుతున్నది అది. దానినే 1948లో వేరుచేసి విటమిన్ బి-12 అన్నారు. పెర్నీషియస్ అనీమియా రోగులకు నిజంగా కావలసినది బి-12. ఫోలిక్ యాసిడ్ వారి రక్తాన్ని మాత్రం సరిచేసి, లోపలి లోటును కప్పిపుచ్చింది.

ఇందులో ఫోలిక్ యాసిడ్ తప్పు ఏమీ లేదు. స్ప్రూకూ, గర్భిణులకూ అది అమృతమే. ఒక మందు రూపం మార్చినప్పుడు పాత మందులో ఉన్నవన్నీ కొత్త దానిలో ఉన్నాయా, మనిషి శరీరం దానిని ఎలా స్వీకరిస్తున్నది అన్నది కొంతకాలం కనిపెట్టి చూడాలి. ఒక్క రిపోర్టు బాగున్నంత మాత్రాన సరిపోదు. వైద్యులు ఈ పాఠాన్ని ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. మనలో మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికీ, శుద్ధ శాకాహారులకూ బి-12 తగ్గే అవకాశం ఉన్నది కాబట్టి ఈ సంగతి పాతకాలపుదని వదిలేయరాదు. కాళ్లు తిమ్మిర్లెక్కితే వయసు మీద పడిందని ఊరుకోక బి-12 పరీక్ష గురించి డాక్టరును అడగండి.

చివరి సంవత్సరాలు

1947లో సుబ్బారావు గారి బృందం నుంచి హెట్రజాన్ వచ్చింది. డి.ఇ.సి. అని పిలిచే ఈ మందు బోదకాలుకు కారణమైన పురుగులను చంపుతుంది. మన కోస్తా జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించిన బోదకాలు మాత్రలు ఇవే. ఆ మాత్ర వెనుక భీమవరం వాడి పేరు ఉన్నదని మింగిన వారిలో ఎందరికి తెలుసో!

1948లో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు లెడర్లీలో తాను కనుగొన్న ఆరియోమైసిన్‌ను ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా సుబ్బారావు గారి బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు రక్తపు కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరికి తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీనిని వాడేవారు మన సభ్యుల్లోనూ ఉన్నారు. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. దానితోపాటు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా సుబ్బారావు గారిదే కావటం విశేషం.

ఆయన 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 సంవత్సరాలు. స్వతంత్ర భారతదేశాన్ని కళ్లారా చూడలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

ఇక థైరాయిడ్ మాత్రల సంగతి

కాలేయ రసం నడిచిన దారిలోనే థైరాయిడ్ మందు కూడా నడిచింది. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చారు. మరణానికి దగ్గరైన ఆమె ఇంకా 28 ఏళ్లు బతికింది. తరువాత ఎండబెట్టిన జంతు గ్రంథి పొడిని మాత్రలుగా చేసి దశాబ్దాలపాటు వాడారు. 1914లో ఎడ్వర్డ్ కెండల్ గారు అమెరికాలో గ్రంథి నుంచి థైరాక్సిన్‌ను శుద్ధంగా వేరుచేశారు. 1920లలో ఇంగ్లండులో హారింగ్టన్ గారు దానిని కృత్రిమంగా తయారుచేశారు. ఈనాడు మన మందుల చీటీల మీద రాసే లెవోథైరాక్సిన్ అదే. ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ వంటివన్నీ దాని వ్యాపార నామాలు.

పందుల గ్రంథితో చేసిన మాత్రలు అమెరికాలో ఇంకా వాడేవారున్నారు. వాటిలో థైరాక్సిన్‌తోపాటు టి-3 అనే మరొక హార్మోను కూడా ఉంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల మాత్రలో 38 మైక్రోగ్రాముల థైరాక్సిన్, 9 మైక్రోగ్రాముల టి-3 ఉంటాయని లెక్క. రెండూ ఉన్నాయి కాబట్టి అదే సంపూర్ణమైన మందు అని కొందరి వాదన. సుబ్బారావు గారి కాలేయ రసం కథ విన్నవారికి ఆ వాదన నిజమేననిపించవచ్చు. కాని ఇక్కడ ఒక తేడా ఉంది. శరీరం తనకు కావలసిన బి-12ను ఫోలిక్ యాసిడ్ నుంచి తయారుచేసుకోలేదు. థైరాక్సిన్ నుంచి టి-3ను మాత్రం తయారుచేసుకుంటుంది. థైరాయిడ్ గ్రంథి లేనివారిలో కూడా ఆ మార్పు జరుగుతున్నదని 1970లో రుజువైంది. పైగా పంది గ్రంథిలో టి-3 పాలు మనిషి గ్రంథిలో కంటె ఎక్కువ. మింగిన కొద్ది గంటల్లో అది రక్తంలో ఎగసి, తరువాత తగ్గిపోతుంది. పెద్ద వయసులో గుండెదడకూ, గుండె లయ తప్పటానికీ ఇది దారి తీయవచ్చు. థైరాక్సిన్ మాత్రతో పరీక్షలు బాగున్నా నీరసం వదలనివారు కొందరు ఉన్నమాట నిజమే. వారి విషయం హార్మోన్ల నిపుణుడు చూడవలసినది. అమ్మాయి పార్సిల్‌లో పంపిన సీసాతో తేల్చుకునేది కాదు.

పాత మాత్రల నుంచి కొత్త వాటికి మార్చిన తొలి రోజుల్లో 60 మిల్లీగ్రాముల గ్రంథి మాత్రకు 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ సమానమని లెక్క కట్టారు. టి.ఎస్.హెచ్. పరీక్ష మెరుగుపడిన తరువాత అది చాలామందికి ఎక్కువ మోతాదని తెలిసింది. కాగితం మీద సమానంగా కనబడేది ఒంట్లో సమానం కాకపోవచ్చు. పే స్కేళ్లు మారినప్పుడు ఫిక్సేషన్ ఎలా చేశారో సర్వీసు రిజిస్టరు తీసి మళ్లీ సరిచూసుకున్నాం కదా, ఇదీ అంతే.

మా ఇంట్లో మా ఆవిడకు ఏళ్లుగా థైరాక్సిన్ వాడకం ఉంది. ఒకసారి స్టాకు లేదని షాపులో మరో కంపెనీ సీసా ఇచ్చారు. బలం అంకె ఒకటే. అయినా డాక్టరు గారికి చెప్పాం. ఆయన ఆరు వారాల తరువాత టి.ఎస్.హెచ్. చేయించమన్నారు. కొద్ది తేడా కనబడింది, మోతాదు కాస్త సవరించారు. అంతటితో సరిపోయింది. ఇది పెద్ద విశేషం కాదు గాని, అడగకపోతే ఆ తేడా ఎన్నాళ్లు అలాగే ఉండేదో తెలియదు.

సభ్యులు గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. సాధ్యమైనంత వరకు ఒకే కంపెనీ మాత్ర వాడండి. కంపెనీ గాని, రూపం గాని మారితే డాక్టరుకు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టి.ఎస్.హెచ్. చేయించండి. థైరాక్సిన్ ఒంట్లో మెల్లగా స్థిరపడుతుంది కాబట్టి అంతకు ముందు చేయిస్తే సరైన లెక్క తేలదు.

2. సీసా మీద ఉన్న 25, 50, 75, 100 అనే అంకెలు మైక్రోగ్రాములు. కళ్లద్దాలు పెట్టుకుని షాపులోనే సరిచూసుకోండి.

3. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

4. మారిన తరువాత గుండెదడ, నిద్రలేమి, చేతులు వణకటం, బరువు తగ్గటం గాని, లేదా మలబద్ధకం, చలి, మగత, వాపు గాని కనబడితే పరీక్ష తేదీ దాకా ఆగవద్దు. గుండెజబ్బు ఉన్నవారు మరీ జాగ్రత్త.

5. బాగానే ఉన్నాం కదా అని మాత్ర మానవద్దు. బాగుండటం ఆ మాత్ర వల్లనే.

వైద్య కళాశాల, ఆరోగ్య విశ్వవిద్యాలయం రెండూ మన గుణదల చేరువలోనే ఉన్నాయి. అడిగితే చెప్పేవారు ఉన్న ఊళ్లో మనం ఉన్నాం. వచ్చే సమావేశానికి వచ్చేటప్పుడు థైరాయిడ్ మందు వాడే ప్రతి సభ్యుడూ, కుటుంబ సభ్యులూ తమ మాత్ర పేరు, బలం, చివరి టి.ఎస్.హెచ్. తేదీ ఒక చీటీ మీద రాసుకుని తీసుకురావలసిందిగా మనవి. అలాగే పదో తరగతి చదువుతున్న మనుమలకు సుబ్బారావు గారి కథ ఒకసారి చెప్పండి. మూడోసారి పరీక్ష రాసి నెగ్గినవాడి మందును ఈనాటికీ లోకం వాడుతున్నదని వారికి తెలియాలి.